సోమారం కడాయి

ఏంది బిడ్డా, ఏమన్నవ్? మెజెస్టిక్? గా కుర్సీ జర దగ్గరికి గుంజుకో పూజితా, ఫ్యాన్ సప్పుడుల మాట సరిగ ఇనవడ్తలేదు. ఆఁ, మెజెస్టిక్. గీ మాట కానిస్టేబుల్ పరీక్షల గూడ అడుగుతరా? అడుగుతరంటవ్. సరే. మీ నాయిన భూమేష్ గూడ నా దగ్గరనే చదివిండు, ఎర్కేనా? ఈజ్ ఏడ వెట్టాలె, వాజ్ ఏడ వెట్టాలె అనేది వానికి పదో తరగతి దాక తెల్వలే. ఇప్పుడు జూడు, ట్రాక్టర్ల షోరూంల మేనేజర్. నేను కనవడితె పగటీలి మూడు గంటలకు గూడ గుడ్ మార్నింగ్ సార్ అంటడు. నవ్వకు, మంచోడు వాడు. ఇగ రాసుకో. అర్థమేమో రాజసం, ఠీవి, గంభీరంగ ఉండుడు. ప్రయోగం గూడ గావాలెనా? ఐదు వాక్యాలా? ది ఎలిఫెంట్ ఈజ్ మెజెస్టిక్. ది ప్యాలెస్ ఈజ్ మెజెస్టిక్. ది కింగ్స్ వాయిస్ వాజ్ మెజెస్టిక్. రాసినవా? సిద్ధులగుట్ట ఈజ్ మెజెస్టిక్, గిది గూడ రాయి, మన ఆర్మూర్ది ఒకటి ఉండాలె గద. అయితె ఒక్కటి యాదికి వెట్టుకో. ఉత్తగ పెద్దగుంటె అది బిగ్. సక్కగుంటె బ్యూటిఫుల్. నా అంత గొప్పోడు లేడని ఇర్రవీగితె ప్రౌడ్. మెజెస్టిక్ అనేది వేరే. అది ఉన్నకాడ చూసేటోని గొంతు దానంతట అదే తగ్గుతది. గా గుట్ట కింద నిలవడి ఎవడన్న గట్టిగ మొత్తుకుంటడా? మొత్తుకోబుద్ధి గాదు. గదీ సంగతి.

ఎన్నయినయ్, నాలుగా? ఐదోది... ఐదోది ఉన్నది బిడ్డా. ఒక పొల్ల రాసింది. ఏడో తరగతి, సువర్ణ అని. నేను ఎర్ర సిరాతోని కొట్టేసిన. కొట్టేసి ఇప్పటికి నలభై ఏండ్లయితంది గావచ్చు. గా కొట్టేసుడు తప్పని నేను ఒక్క కాడ తప్ప ఎవ్వలకు జెప్పలే, మీ అవ్వకు గూడ జెప్పలే. అవ్వంటె మీ ఇంట్లున్న అవ్వ గాదు, మా ఇంటామె రత్నవ్వ. పోయింది గద పాపం, జెప్తందుకు ఇప్పుడు లేదు. ఇగ నువ్వు అడిగినవ్ గనుక జెప్త. తొందరేం లేదు గద నీకు? చాయ్ తాగినవా? సరే. గా సువర్ణ తల్లి పేరు ఎస్తేరు. మా ఊర్ల పసుపు ఉడకవెట్టే కాడ ఆమె లేంది ఎవ్వలు పొయ్యి ముట్టియ్యకపోయేది. ఇప్పుడు నీకు ఎట్ల జెప్పాలె, ఇప్పుడన్ని స్టీమ్ బాయిలర్లాయె, డ్రమ్ముల ఏస్తరు, ఆవిరి వడ్తరు, గంటలు జూసి తీస్తరు. అప్పుడు గట్ల లేకుండె. చేన్లనే పొయ్యి తవ్వి, ఇనుప కడాయి వెట్టి, కొమ్ములు పోసి, నీళ్లు పోసి, మీద పసుపాకు కప్పి, మంట వెట్టాలె. ఎంతసేపు వెట్టాలె అనేదే ఇల్మ్, అసలు విద్య గదే. తక్కువుడికితె లోపల నడుమ పచ్చిగనే ఉంటది, ఎండినంక ఇరిస్తె రంగు సమంగ రాదు, పురుగు వడ్తది. ఎక్కువుడికితె మెత్తవడి ఆగమైతది. ఏడాది పొడుగు కష్టం గా గంటలనే ఉంటది. ఎస్తేరు ఏం జేసేది? కడాయి చుట్టు తిరిగేది. మాట్లాడకపోయేది. నురుగు జూసేది, పొగ వాసన జూసేది, ఒక కొమ్ము తీసి సల్లార్చి చీపురు పుల్ల గుచ్చేది. పుల్ల ఆగకుంట దిగితె "తోడుండ్రి" అనేది. ఒక్క మాట. గా మాట కోసం పది మంది మొగోళ్లు గంపలు వట్టుకోని నిలవడేది. మా నాయిన ముత్తెన్న, ఊర్ల పేరున్న రైతు, ఆయన గూడ నిలవడేది.

మనిషి ఎట్లుండె అంటవా? నల్లగ, సన్నగ. కట్టుకున్నది నేత చీర, కొంగు నడుముకు జెక్కేది, చేతులు మోచేతుల దాక పచ్చగ. గా పసుపు రంగు పోదు బిడ్డా, ఎన్ని తీర్ల సబ్బులు వెట్టినా పోదు, ఆదివారం చర్చికి పోయినా చేతులు గట్లనే ఉండేటియి. నడుసుడు మాత్రం... ఆమె తొందర వడంగ నేను ఎన్నడు సూడలే. గంప నెత్తిమీదున్నా గంతే, ఉత్త చేతులతోని వోతున్నా గంతే. నేను అప్పుడు ముప్పై రెండేండ్లోన్ని. మా ఊరి బడిలనే ఇంగ్లీష్ పంతులు. తెల్ల అంగి, ఇస్త్రీ, జేబుల రెండు పెన్నులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. ఊరంత సారు సారు అంటుంటె నాకు ఎట్లనో అనిపించేది, జర ఎక్కువనే అనిపించేది. ఇప్పుడు జెప్పుకుంటె సిగ్గయితది. గా ఏడు మాఘమాసంల పసుపు ఉడకవెడ్తున్నం. ఒక సోమారం పొద్దుగాల్ల మా నాయిన గోనె సంచుల కోసం ఆర్మూర్ వోయిండు. పోతపోత నాకు జెప్పిండు, "హన్మయ్యా, ఎస్తేరున్నది, నువ్వు ఉత్తగ నిలవడు, కడాయి తోడినంక బడికి వో." గంతే జెప్పిండు. ఉత్తగ నిలవడు అన్నడు.

గా దినమే బడికి ఇన్‌స్పెక్షన్. పది గంటలకల్లా నేను బడిల ఉండాలె. తొమ్మిదయింది, తొమ్మిదింబావాయె, కడాయి ఉడుకుతనే ఉన్నది. నేను గడియారం దిక్కు సూస్తున్న, కడాయి దిక్కు సూస్తున్న. అంగి మీద పొగ వడ్తున్నదని అదొక ఫికర్. "అయిందా ఎస్తేరూ?" అన్న. పుల్ల గుచ్చింది. "కాలే సారూ. పుల్ల నడుమ ఆగుతంది." ఇంకొంత సేపైనంక మల్ల అడిగిన. మల్ల గదే మాట, గదే గొంతు. "ఇంకో పొయ్యికట్టె కాలాలె సారూ." నాకు మండింది. తేల్తున్న నురుగు చూపిచ్చిన, ఉడికింది గద, కనవడ్తలేదా అన్న. ఆమె తల ఊపింది, కాలే అన్నట్టు. ఆడ మంట వెట్టేది నడిపయ్య, నా ఈడోడే, నాతోని ఐదు దాక చదివిండు. వాడు ముసిముసిగ నవ్విండు. గా నవ్వు బిడ్డా... వాడు నవ్వకపోయి ఉంటె ఏమయ్యేదో. నేను గట్టిగ అన్న, "నాకు జెప్తవా నువ్వు? నేను బీఏ బీఈడీ. తోడుండ్రి అంటున్న." ఎవ్వలు కదులలే. అందరు ఎస్తేరు మొఖం సూసిండ్రు. గది ఇంకింత మండింది నాకు. "చేను ఎవలది? తోడుండ్రి!" అని ఒర్లిన. ఎస్తేరు చేతుల ఉన్న పుల్ల పక్కకు పారేసింది. రెండడుగులు ఎనుకకు జరిగి నిలవడ్డది. తోడిండ్రు. నేను సైకిలెక్కి బడికి వోయిన. ఇన్‌స్పెక్టర్ గా దినం రానే రాలే, ఎటో వోయిండంట. నవ్వొస్తది తల్సుకుంటె. నవ్వు గూడ రాదు.

పది పన్నెండు దినాలకు ఎండిన పసుపు కల్లంల కుప్పలు వోసిండ్రు. ఏ దినం కడాయి ఆ దినంది వేరే కుప్ప వోసుడు మాకు అలవాటు, ఏదన్న తేడా వస్తె ఏ కడాయిల వచ్చిందో ఎర్కయితది. మా నాయిన ఒక్కొక్క కుప్పల ఒక్కొక్క కొమ్ము తీసి ఇరుస్తున్నడు. ఇరిస్తె ఠప్పుమని లోహం తీర్గ సప్పుడు రావాలె, లోపల ఎర్రగ పసుపు మెరవాలె. ఒక కుప్ప కాడ ఆగిండు. ఇరిసిండు. ఇంకోటి ఇరిసిండు. నడుమల నల్లగ, మూలలకు తెల్లగ. "ఇదెన్నటిది?" "సోమారం కడాయి పటేలా" అన్నడు నడిపయ్య. ఇగ మా నాయిన మొఖం మారింది. ఆయన కోపగొండోడు గాదు, అయినా పసుపు ఖరాబయితె రైతుకు కడుపు రగుల్తది. పది మంది ముంగట, "ఎస్తేరూ! కండ్లు ఏడ వెట్టుకున్నవ్? గిన్నేండ్ల సంది నీ మీద ఇడిసిపెడ్తున్న గద!" అన్నడు. ఆమె ముంగటికి వచ్చింది. మొత్తుకోలే, ఏడ్వలే, చేతులు కట్టుకోలే. "నేను తోడమన్లే పటేలా" అన్నది. "మరి ఎవలన్నరు?" అని అడిగిండు మా నాయిన.

నేను ఆడనే ఉన్న బిడ్డా. నాలుగడుగుల దూరంల ఉన్న. ఎస్తేరు ఒక్కపారి నా దిక్కు సూసింది. తిట్టే సూపు గాదు, బతిమిలాడే సూపు గాదు. మేము బడిల పిల్లల్ని ప్రశ్న అడిగి, వానికి జవాబెర్కేనని తెలిసి, చెప్తడేమోనని ఆగుతం జూడు, గట్ల ఆగింది. నేను ఏం జేసిన్నో ఎర్కేనా? కింద వడ్డ కొమ్ములు ఏరుతున్నట్టు వంగిన. వంగి, ఒకటి ఏరి, ఇంకోటి ఏరి, గట్లనే ఉన్న. మా నాయిన మల్ల అడిగిండు, "జెప్పవేందే?" ఆమె, "నేను అన్లే పటేలా, గంతే. నా మాట నమ్మని కాడ నేను పని జెయ్య" అని కొంగు దులుపుకోని కల్లం దాటి వోయింది. నడక మాత్రం రోజటి నడకనే. గా దినం తర్వాత మా కడాయి మొఖం సూడలే. మా నాయిన మూడుసార్లు మనిషిని తోలిండు, రాలే. నాలుగోసారి ఆయననే వోయి ఆమె గడప కాడ నిలవడి వచ్చిండని తర్వాత ఎర్కయింది. రాలే. మాక్లూర్ దిక్కు రైతులు పిలుస్తె వోయేది, మాకు రాలే. ఇంకో సంగతి. ఆనాటి సంది మా నాయిన నన్ను కడాయి కాడికి ఎన్నడు రమ్మన్లే. కొడుకు ఉద్యోగస్తుడు, పొగల ఎందుకని ఇజ్జత్ ఇస్తున్నడేమో అనుకున్న. నిజంగనే గట్ల అనుకున్న.

నెల వోయింది. ఏడో తరగతిల ఏనుగు పాఠం వచ్చింది, దాంట్ల గీ మాట ఉన్నది. మెజెస్టిక్. ఇప్పుడు నీకు జెప్పినట్టే జెప్పిన, రాజులకు, కోటలకు, ఏనుగులకు, గుట్టలకు వాడ్తరని. ఒక్కొక్కలు ఒక్కొక్క సొంత వాక్యం రాసుకోని రాండ్రి అన్న. నలభై నోటుబుక్కులల్ల ముప్పై ఎనిమిది ఏనుగులు వచ్చినయి. ఒకడు వాళ్ల ఎద్దు మెజెస్టిక్ అని రాసిండు, వానికి టిక్కు వెట్టిన. ఎద్దుకు టిక్కు వెట్టిన, ఇను. సువర్ణది తీస్తె, మై మదర్ ఈజ్ మెజెస్టిక్ అని ఉన్నది. గుండ్రటి అక్షరాలు, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు. నా చేతికి ఏమయిందో, ఎర్ర పెన్ను తీసి గీత కొట్టిన. చాలక పక్కన రాంగ్ యూసేజ్ అని రాసిన. గది గూడ చాలక తరగతిల గట్టిగ సదివి ఇనిపిచ్చిన. "కూలి పనికి వోయే మనిషికి గీ మాట వాడరు" అన్న. పిల్లలు నవ్విండ్రు. పిల్లలకేం ఎర్క, సారు నవ్వమన్నట్టుంటె నవ్వుతరు. గా పొల్ల నోటుబుక్కు తీసుకోని పోయి కూసున్నది. తల మాత్రం దించలే, తల్లి పోలికనే.

తెల్లారి రెండో పీరియడ్. తలుపు కాడ నీడ వడ్డది. సూస్తె ఎస్తేరు. చేతుల నోటుబుక్కు. పని కాడికెల్లే వచ్చింది, మోచేతుల దాక పసుపు అట్లనే ఉన్నది. పిల్లలందరు లేసి నిలవడ్డరు, గది బడి అలవాటు, పెద్దోళ్లు వస్తె లేస్తరు. కాని నేను గూడ లేసిన బిడ్డా. కుర్సీలకెల్లి లేసిన. ఇన్‌స్పెక్టర్ వస్తె లేస్తం, హెడ్మాస్టర్ వస్తె లేస్తం. కూలి మనిషి వస్తె పంతులు లేసుడు నేనెన్నడు సూడలే. లేవాలని అనుకోలే, కాళ్లు లేసినయ్. ఇగ కల్లం సంగతి గిప్పుడు తీస్తది, పిల్లల ముంగట నా ఇజ్జత్ పోతది, అయిపోయింది అనుకున్న. ఆమె నోటుబుక్కు నా మేజ మీద వెట్టి, "సారూ, నా బిడ్డ నన్ను ఏదో అన్నదంట, మీరు కాదని కొట్టేసిండ్రంట. నాకు సదువు రాదు. గా మాటకు అర్థమేందో నాకు గూడ జెప్పుండ్రి. ఇన్నంక కొట్టేసుడు న్యాయమా కాదా నేనే సూసుకుంట" అన్నది. మెల్లగనే అన్నది.

ఏం జెప్పాలె? ఆమె కండ్లల్లకు సూస్కుంట జెప్పాలె. రాజులకు, రాణులకు వాడే మాట ఎస్తేరూ, అన్న. "రాణులకా? నా పేరు గూడ బైబిల్ల రాణి పేరే సారూ, పాదిరిగారు పెట్టిండు" అన్నది. పిల్లలు నవ్విండ్రు, అయితె నిన్నటి నవ్వు గాదది, ఆమెతోని కలిసి నవ్విన నవ్వు. ఆమె గూడ నవ్వింది. "ఇంకేం అర్థముంది?" అన్నది. నేను తడవడ్కుంట, పెద్దరికం... నిలకడ... అబద్ధమాడకుంట... అని గాడికి వచ్చి ఆగిన. గా మాట డిక్షనరీల లేదు బిడ్డా, నా నోట్లకెల్లి ఊడి వడ్డది. ఆమె ఒక్క గడియ సూసింది నన్ను. అనాలంటె అప్పుడు అనొచ్చు. నలభై మంది సాక్ష్యం. ఆమె నోటుబుక్కు తీసుకోని, "సరే సారూ. అంత పెద్ద మాట నాకెందుకు, కొట్టేసిందే మంచిది. కాని పొల్ల కండ్లకు కనవడ్డది రాసింది. ఉత్తదే రాసిందని మాత్రం అనకుండ్రి" అన్నది. సువర్ణ చేతికి బుక్కు ఇచ్చి, వోయింది. నేను కిటికిలకెల్లి సూసిన, గ్రౌండ్ దాటి గేటు దాక. గా కొట్టేసిన గీత నేను అప్పుడన్న తీసేయొచ్చు. ఇటు తే బిడ్డా అని ఒక్క మాట అంటె అయిపోతుండె. బోర్డు దిక్కు తిరిగి పాఠం చెప్పుకుంట వోయిన.

ఇంకా ఇరవై ఆరేండ్లు నౌకరి జేసిన. బడులు మారిన, కమ్మర్‌పల్లి దిక్కు వోయిన, మల్ల ఇటు వచ్చిన. గా ఏనుగు పాఠం వచ్చినప్పుడల్ల గా మాట కాడ ఆగకుంట ముంగటికి వోయేటోన్ని, మీరే డిక్షనరీల సూసుకోండ్రి అని. మీ నాయిన బ్యాచుకు గూడ గట్లనే జేసిన, గందుకే వానికి రాదు, నీకు ఇయ్యాల జెప్పాల్సి వచ్చింది. మా నాయిన వోయిండు. పొలం కౌలుకిచ్చినం. నేను రిటైర్ అయి ఆర్మూర్ల గీ ఇల్లు కట్టుకున్న. గా కల్లం మాత్రం వోలే. తింటుంటె వచ్చేది, నీళ్లు వోసుకుంటుంటె వచ్చేది. పైసలది గాదు, పసుపుది గాదు. ఆమె నా దిక్కు సూసి ఆగింది సూడు, గా ఆగుడు.

పదేండ్ల కింద, ఎండకాలం, నడిపయ్య కనవడ్డడు బస్టాండ్ కాడ. "ఎస్తేరు దవాఖానల ఉన్నది సారూ, ఇగ లేవదంటున్నరు" అన్నడు. నేను ఇంటికి గూడ రాలే, ఆడికెల్లి ఆడికే వోయిన. సువర్ణ ఉన్నది మంచం కాడ. టీచరయింది, ఎర్కేనా, సిన్న పిల్లల బడిల. లేసి నమస్తే సార్ అన్నది. ఎస్తేరు గింతయింది, పండుకున్న మంచంల కనవడనంత. చేతులు మాత్రం గా వయసుల గూడ గోర్ల కాడ పచ్చగనే ఉన్నయ్. నేను స్టూల్ గుంజుకోని కూసున్న. కుశలం గిట్ల అడుగలే. ఇగ ఆగితె నేను జెప్పలేనని ఎర్కయింది. జెప్పిన. సోమారం కడాయి తోడమన్నది నేను, ముచ్చట తెలిసి నోరు మూసుకున్నది నేను, మీ బిడ్డ రాసింది కొట్టేసింది నేను, అన్న. జెప్పుకుంట ఏడ్చిన, పక్క మంచాలోళ్లు సూసిండ్రు, సూడనీ. సువర్ణ పాలు సల్లార్చుకుంటనే, నా దిక్కు తిరుగకుంటనే, "నాకు ఎర్కే సార్. గా దినం అమ్మకు సద్ది తీసుకోని నేను కల్లానికి వచ్చిన. మీరు వంగి కొమ్ములేరుడు సూసిన" అన్నది.

సూసింది బిడ్డా. అన్ని సూసి, నెల దినాలు మనసుల వెట్టుకోని, గా వాక్యం రాసింది. పన్నెండేండ్ల పొల్లకు గా మాట అర్థం నాకన్న మంచిగ ఎర్కుండె. ఎస్తేరు దిక్కు తిరిగి, "మరి ఎందుకు దాసినవవ్వా? ఇన్నేండ్లు ఎవ్వలకు జెప్పకుంట" అన్న. ఆమె నవ్వింది, ఓపిక లేకున్నా నవ్వింది. "దాసుడేంది సారూ? ఊరందరికి ఎర్కే. మంట వెట్టినోళ్లకు ఎర్కే, తోడినోళ్లకు ఎర్కే. మీ నాయినకు గా పొద్దుగూకాలనే ఎర్కయింది, గందుకే నా గడపకు వచ్చిండు. అందరికి నేనే జెప్పిన, సారు ముంగట గీ ముచ్చట ఎవ్వలు తియ్యకుండ్రి అని." ఎందుకు, అన్న నేను మల్ల. దమ్ము తీసుకోని, ఆగి ఆగి అన్నది. "తెల్లారితె మీరు బడికి వోవాలె. నలభై మంది ముంగట నిలవడాలె. గా పిల్లలల్ల నా బిడ్డ ఉండె సారూ. తలకాయ దించుకున్న సారు కాడ నా బిడ్డ ఏం నేర్సుకుంటది?"

...

ఏం లేదు బిడ్డా. ఏం లేదు. ఐదోది గా పొల్ల రాసిందే రాసుకో. ఇగ నువ్వు వో, మీ అమ్మ సూస్తుంటది.